నడుము నొప్పి - కారణాలు

తెలుగువారి వాడుకలో శ్రమకూ నడుముకూ విడదీయరాని సంబంధం ఉంది. పనికి పూనుకొన్నవాడు నడుము బిగిస్తాడు. పెద్ద కార్యాన్ని తలకెత్తుకొన్నవాడు నడుము కడతాడు. పగలంతా కష్టపడిన మనిషి మధ్యాహ్నం వేళ కాసేపు నడుము వాలుస్తాడు. కరవు వచ్చినా, అప్పు పెరిగినా రైతు నడుము విరిగిందని అంటారు. పని చేతులతో చేసినా, నడక కాళ్ళతో సాగినా భారమంతా చివరకు చేరేది నడుముకేనని పూర్వులు ఏ శరీరశాస్త్ర గ్రంథాన్నీ చదవకుండానే గ్రహించారని ఈ నుడికారం తెలుపుతుంది.

నడుము నొప్పి ఎరుగని ఇల్లు అరుదు. 2020 సంవత్సరంలో ప్రపంచవ్యాప్తంగా సుమారు 61 కోట్ల 90 లక్షల మంది నడుము నొప్పితో బాధపడుతున్నట్లు అంతర్జాతీయ పరిశోధకుల అంచనా. 2050 నాటికి ఈ సంఖ్య 84 కోట్లు దాటవచ్చునని వారే లెక్కగట్టారు. మనుషులను పనికి దూరం చేసే అనారోగ్యాలలో దీనిదే మొదటి స్థానం. ఇది సాధారణంగా ప్రాణం తీసే వ్యాధి కాదు. అందువల్లనే దీనిని చాలామంది తేలికగా తీసుకొంటారు. కాని రెక్కాడితేగాని డొక్కాడని కుటుంబంలో ఒక మనిషి నెల రోజులు మంచం పట్టడమంటే ఆ ఇంట పొయ్యి వెలగకపోవడమే. కాబట్టి ఈ నొప్పి ఎందువల్ల వస్తుందో, ఏది దానంతట అదే తగ్గిపోయేదో, ఏది ఉపేక్షించరానిదో తెలుసుకోవడం ప్రతి ఒక్కరికీ అవసరం.

కారణాలు తెలియాలంటే ముందుగా వెన్నెముక నిర్మాణం తెలియాలి. పుట్టినప్పుడు శిశువు వెన్నులో 33 వెన్నుపూసలు ఉంటాయి. వీటినే కశేరుకాలు అని కూడా అంటారు. మెడలో 7, ఛాతీ వెనుక 12, నడుములో 5, వాటి కింద త్రికాస్థిలో 5, అడుగున తోక భాగంలో సాధారణంగా 4 ఉంటాయి. వయసు వచ్చేసరికి త్రికాస్థిలోని అయిదూ కలిసి ఒకే ఎముకగా మారుతాయి. అడుగున ఉన్న నాలుగూ అంతే. కదిలే పూసలలో అన్నిటికంటె పెద్దవి నడుములోని అయిదే. పైనున్న తల, భుజాలు, చేతులు, మొండెం, ఎత్తుకొన్న బరువు అన్నీ వాటి మీదుగానే కాళ్ళకు చేరుతాయి కనుక వాటి పరిమాణం అలా ఉండక తప్పదు.

పూసకూ పూసకూ నడుమ మెత్తని దిండు వంటి డిస్కు ఉంటుంది. మెడలోని రెండవ పూస మొదలు త్రికాస్థి వరకు ఇటువంటివి 23 ఉన్నాయి. డిస్కు వెలుపలి భాగం ఉల్లిపాయ పొరల వలె ఒకదానిపై ఒకటి చుట్టుకొన్న గట్టి నారతో ఏర్పడింది. లోపల జిగురు వంటి పదార్థం ఉంటుంది. యౌవనంలో దీనిలో నూటికి 80 పాళ్ళు నీరే. పగలంతా నిలబడి, కూర్చుని ఉండడం వల్ల ఈ నీటిలో కొంత బయటకు ఒత్తుకుపోతుంది. రాత్రి పడుకొన్నప్పుడు తిరిగి చేరుతుంది. అందుకే మనిషి ఉదయం లేచినప్పటి కంటె సాయంకాలానికి ఒకటి రెండు సెంటీమీటర్లు పొట్టిగా ఉంటాడు. భారరహిత స్థితిలో నెలల తరబడి గడిపే వ్యోమగాముల ఎత్తు కొద్దిగా పెరుగుతుంది. వారిలో చాలామందికి అక్కడ మొదటి రోజులలో నడుము నొప్పి రావడం విచిత్రంగా తోచే విషయం. భారం ఎక్కువైనా, అసలు లేకపోయినా వెన్నుకు బాధే.

పూసల వెనుక భాగంలోని రంధ్రాలు వరుసగా కలిసి ఏర్పడిన గొట్టంలో వెన్నుపాము భద్రంగా ఉంటుంది. అయితే అది నడుము అడుగుదాకా రాదు. నడుములోని మొదటి, రెండవ పూసల వద్దనే ముగుస్తుంది. అక్కడినుంచి నరాలు గుర్రపు తోక వెంట్రుకల వలె విడివిడిగా కిందికి దిగి, పూసల మధ్య సందులలోనుంచి కాళ్ళకు, మూత్రాశయానికి, మలద్వారానికి వెళతాయి. ఈ నిర్మాణమంతటినీ పట్టి నిలిపేవి కండరాలు, సంధిబంధనాలు. ఓడ కొయ్యను నాలుగు వైపులా మోకులు లాగిపట్టినట్లు వీపు కండరాలు వెనుకనుంచి, పొట్ట కండరాలు ముందునుంచి వెన్నును నిలబెడతాయి. ఒకవైపు మోకు సడలితే మరొకవైపు మోకుపై బిగువు పెరుగుతుంది. పొట్ట పెరిగి, పొట్ట కండరాలు బలహీనపడినవారికి నడుము నొప్పి తరచుగా రావడానికి ఇదొక కారణం.

నడుము నొప్పులలో అత్యధిక భాగానికి కండరాలు, సంధిబంధనాలు బెణకడమో, అలసిపోవడమో కారణమని వైద్యులు భావిస్తారు. నూటికి 90 మందిలో ఫలానా ఎముక, ఫలానా నరం అని వేలుపెట్టి చూపగల దోషం ఏదీ పరీక్షలలో కనబడదు. దీనిని వైద్యశాస్త్రం నిర్దిష్ట కారణం లేని నొప్పిగా పరిగణిస్తుంది. కారణం కనబడలేదంటే నొప్పి అబద్ధమని కాదు.

బరువు ఎత్తేటప్పుడు జరిగేదేమిటో భౌతికశాస్త్రం చదివే విద్యార్థి తేలికగా లెక్కవేయగలడు. ఒక స్త్రీ 20 కిలోల నీళ్ళ బిందెను నడుము వంచి, చేతులు చాచి ఎత్తుతున్నదనుకొందాం. బిందె ఆమె వెన్నుకు 40 సెంటీమీటర్ల దూరంలో ఉంది. దానిని నిలువరించవలసిన వీపు కండరాలు మాత్రం వెన్నుకు 5 సెంటీమీటర్ల దూరంలోనే ఉన్నాయి. తులాదండ సూత్రం ప్రకారం ఆ కండరాలు 160 కిలోల బరువుకు సమానమైన బలంతో లాగాలి. వంగిన మొండెం బరువు దీనికి అదనం. అదే బిందెను ఒంటికి ఆనించుకొని ఎత్తితే దూరం సగానికి తగ్గుతుంది, కండరాల శ్రమా సగమవుతుంది. 1999లో జర్మనీలోని ఉల్మ్ నగర పరిశోధకులు ఒక వ్యక్తి నడుములోని డిస్కులోకి సన్నని పీడనమాపకాన్ని పంపి ఈ భేదాన్ని నేరుగా కొలిచారు. నిలబడి ఉన్నప్పుడు 0.5 మెగాపాస్కల్ ఉన్న పీడనం, 20 కిలోల బరువును నడుము వంచి ఎత్తినప్పుడు 2.3కు చేరింది. మోకాళ్ళు వంచి ఎత్తినప్పుడు 1.7 మాత్రమే ఉంది. బరువును ఒంటికి దగ్గరగా పట్టుకొని నిలబడితే 1.1కు దిగింది.

ఇలా బెణికిన నడుమునే వాడుకలో ‘పట్టేసింది’ అంటారు. కండరం దెబ్బతిన్నచోట చుట్టుపక్కల కండరాలన్నీ బిగుసుకొని కదలికను అడ్డుకొంటాయి. మనిషి ఒకవైపు ఒరిగి నడుస్తాడు. తుమ్మినా దగ్గినా ప్రాణం పోయినట్లుంటుంది. పల్లెలలో ఇటువంటివారిని ఎదురుకాళ్ళతో పుట్టిన మనిషి చేత నడుము మీద తన్నించడం ఒక ఆచారం. మరునాటికో, మూడవనాటికో నొప్పి తగ్గుతుంది, తన్నినవారికి పేరు వస్తుంది. నిజానికి ఇటువంటి నొప్పి చాలామందికి కొద్ది రోజులలో నెమ్మదిస్తుంది, కొన్ని వారాలలో దానంతట అదే పోతుంది. తన్నులోని మహిమ అంతవరకే. పూస విరిగినవారికో, క్షయ సోకిన పూస ఉన్నవారికో అదే తన్ను తగిలితే కాళ్ళు చచ్చుబడే ప్రమాదముంది. కాబట్టి ఈ ఆచారాన్ని నిరపాయకరమైన వేడుకగా భావించరాదు.

మంచం మీద కదలకుండా పడుకోవడమే మందు అని వైద్యులు సైతం చాలాకాలం నమ్మారు. 1986లో అమెరికా వైద్యులు కొందరు రోగులను రెండు వర్గాలుగా చేసి, ఒక వర్గానికి రెండు రోజులు, మరొక వర్గానికి ఏడు రోజులు విశ్రాంతి విధించి చూశారు. నొప్పి తగ్గడంలో రెండు వర్గాలకూ తేడా కనబడలేదు. పైగా రెండు రోజుల వర్గంవారు పనికి దూరమైన దినాలు 45 శాతం తక్కువ. నొప్పి అనుమతించినంత వరకు లేచి తిరగడమే మేలని నేటి వైద్యం చెబుతున్నది. అయినా ఇంటి పెద్దలు నెల రోజులు మంచం దిగనివ్వకపోవడం నేటికీ చూస్తున్నదే.

డిస్కు జారడం అనే మాట ఇప్పుడు పల్లెలకు కూడా తెలుసు. వాస్తవానికి డిస్కు జారదు. అది పై పూసకూ కింది పూసకూ గట్టిగా అతుకుకొని ఉంటుంది. వెలుపలి నార పొరలు చిరిగి, లోపలి జిగురు పదార్థం వెనుకకు ఉబుకుతుంది. ఉబికినది పక్కనున్న నరాన్ని ఒరుసుకొంటే పిరుదు నుంచి తొడ వెనుకగా, పిక్క మీదుగా పాదం వరకు మంట, తిమ్మిరి, కరెంటు పాకినట్లు పోటు కలుగుతాయి. ఆయుర్వేదం దీనిని గృధ్రసి అన్నది. గృధ్రమంటే గద్ద. ఈ రోగి కాలు ఈడ్చుకొంటూ నడిచే తీరు గద్ద నడకను పోలి ఉండడం వల్ల ఆ పేరు వచ్చిందని వ్యాఖ్యానిస్తారు. ఆధునిక వైద్యంలో దీనికీ డిస్కుకూ గల సంబంధాన్ని స్పష్టంగా నిరూపించినవారు అమెరికా శస్త్రవైద్యులు మిక్స్టర్, బార్. వారి పత్రం 1934లో వెలువడింది. నడుములోని చివరి రెండు డిస్కులలోనే ఈ చిరుగు అత్యధికంగా ఏర్పడుతుంది. ఎక్కువ వంపు, ఎక్కువ భారం పడేది అక్కడే.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పవలసి ఉంది. ఎంఆర్ఐ చిత్రంలో డిస్కు ఉబ్బు కనబడినంత మాత్రాన నొప్పికి అదే కారణమని నిర్ణయించరాదు. 1994లో వెలువడిన ఒక అధ్యయనంలో నడుము నొప్పి ఏ మాత్రం లేని 98 మందికి ఈ పరీక్ష చేయగా 52 శాతం మందిలో కనీసం ఒక డిస్కు ఉబికి కనిపించింది. అన్ని డిస్కులూ సక్రమంగా ఉన్నవారు 36 శాతమే. తల నెరవడం వలె డిస్కు అరగడం కూడా వయసుతో వచ్చే మార్పు. కాలికి పోటు లేనివారు, కండర బలం తగ్గనివారు తొందరపడి ఆ చిత్రం తీయించుకోవడం, దానిని చూసి భయపడడం, ఆ భయంతో శస్త్రచికిత్సకు సిద్ధపడడం నగరాలలో పెరుగుతున్న పోకడ. డిస్కు చిరిగి కాలికి పోటు వచ్చినవారిలో సైతం అధికులకు శస్త్రచికిత్స లేకుండానే కొన్ని వారాల నుంచి కొన్ని నెలలలో ఉపశమనం కలుగుతుంది. ఉబికిన పదార్థం క్రమంగా ఎండి కుంచించుకుపోవడమే దీనికి కారణం.

చేసే పనినిబట్టి నడుము నొప్పి రూపు మారుతుంది. వరినాట్లు వేసే స్త్రీ మోకాలి లోతు బురదలో రోజుకు ఎనిమిది గంటలు వంగే ఉంటుంది. అప్పుడప్పుడు లేచి నడుము మీద చేతులు పెట్టుకొని వెనుకకు విరుచుకోవడం తప్ప ఆమెకు మరొక విశ్రాంతి లేదు. ఎక్కువసేపు వంగి ఉన్న వెన్నులో సంధిబంధనాలు మెల్లగా సాగుతాయి. సాగిన బంధనం వెంటనే బిగియదు. ఆ స్థితిలో నారుకట్టల తట్టను ఒక్కసారిగా ఎత్తడం బెణుకుకు దారితీస్తుంది. గుంట మగ్గం మీద కూర్చునే నేతకారుడు ముందుకు ఒంగి, రెండు కాళ్ళతో తొక్కుడు చెక్కలను తొక్కుతూ, చేతితో నాడెను నడుపుతూ పగలంతా గడుపుతాడు. బీడీలు చుట్టే స్త్రీ ఒడిలో చేట పెట్టుకొని కాళ్ళు ముడుచుకొని నేలమీదే ఉంటుంది. గుంతల రోడ్ల మీద ఆటో నడిపేవాడికి, ట్రాక్టరు నడిపేవాడికి మరొక చిక్కు. వాహనపు కుదుపు సీటు గుండా నేరుగా నడుముకు చేరుతుంది. ఏళ్ళ తరబడి సాగే ఈ ప్రకంపన నడుము నొప్పిని పెంచుతుందని అనేక దేశాలలో గుర్తించారు. తాటిచెట్టు ఎక్కే గీత కార్మికుడి విషయం వేరు. మోకు జారి కింద పడితే నడుము పూస చితికి, జీవితాంతం చక్రాల కుర్చీకి పరిమితమైనవారు తెలంగాణ పల్లెలలో ఉన్నారు. ఈ ప్రమాదాలను తగ్గించడానికే 2024లో తెలంగాణ ప్రభుత్వం కాటమయ్య రక్షణ కవచం పేరుతో భద్రతా పరికరాలను పంపిణీ చేయనారంభించింది.

కంప్యూటరు ముందు పనిచేసే ఉద్యోగి, ప్రవేశ పరీక్షలకు సిద్ధమవుతూ తెల్లవారుజాము నుంచి రాత్రిదాకా బల్ల ముందు ఉండే ఇంటర్మీడియట్ విద్యార్థి బరువులు మోయరు, అయినా నొప్పికి లోనవుతారు. కూర్చోవడంలో దోషం కంటె కదలకపోవడంలో దోషం ఎక్కువ. డిస్కులకు రక్తనాళాలు దాదాపు లేవు. వాటికి పోషక పదార్థాలు చుట్టుపక్కల నుంచి ఊటలాగా చేరవలసిందే. నీరు బయటకు పోవడానికి, లోనికి రావడానికి శరీరం స్థితి మారుతూ ఉండాలి. నిటారుగా కూర్చోవాలన్న పెద్దల మందలింపు మంచిదే కాని, నిటారుగానే గంటల తరబడి బిగుసుకొని ఉన్నా ఫలితం అంతే. అరగంటకో, గంటకో ఒకసారి లేచి నాలుగు అడుగులు వేసేవారికి కుర్చీ ఎటువంటిదైనా పెద్ద నష్టం లేదు.

క్రీడాకారులలో మరొక కారణం కనబడుతుంది. క్రికెట్ ఆటలో వేగంగా బంతి విసిరేవాడు ఒక్క క్షణంలో నడుమును వెనుకకు వంచి, పక్కకు ఒరిగించి, మెలితిప్పుతాడు. రోజుకు వందసార్లు ఇలా జరిగితే నడుము చివరి పూసల వెనుక భాగంలోని సన్నని ఎముక వంతెనలో పగులు ఏర్పడుతుంది. తీగను ఒకేచోట పదేపదే వంచితే విరిగినట్లే ఇది. ఆస్ట్రేలియా ఆటగాడు డెన్నిస్ లిల్లీ 1973లో ఇటువంటి పగుళ్ళతో ఆటకు దూరమై, కఠినమైన వ్యాయామ శిక్షణతో 1974-75లో తిరిగివచ్చాడు. భారత ఆటగాడు జస్‌ప్రీత్ బుమ్రాకు 2019లో ఇదే బాధ. 2023లో అతనికి నడుముకు శస్త్రచికిత్స కూడా జరిగింది. ఎముక ఇంకా గట్టిపడని పదిహేను పదహారేళ్ళ బాలుర విషయంలో శిక్షకులు ఓవర్లను పరిమితం చేయడానికి కారణమిదే.

వయసు మళ్ళినవారిలో వెన్ను గొట్టం ఇరుకవుతుంది. నాలుగు అడుగులు వేయగానే కాళ్ళు బరువెక్కి, తిమ్మిరెక్కుతాయి. కూర్చుంటేనో, ముందుకు వంగితేనో సర్దుకొంటుంది. వంగినప్పుడు గొట్టం కొంత వెడల్పవుతుంది కాబట్టి ఇటువంటివారు నడవలేకపోయినా సైకిలు తొక్కగలరు. ముట్లుడిగిన స్త్రీలలో ఎముకలు గుల్లబారి, చిన్న కుదుపుకే పూస నలిగిపోవడం మరొక కారణం. ఏ దెబ్బా తగలకుండానే వృద్ధురాలి నడుములో ఉన్నట్టుండి తీవ్రమైన నొప్పి పుట్టినా, ఎత్తు తగ్గి వీపు గూనిగా మారుతున్నా దీనిని అనుమానించాలి.

స్త్రీల నడుము నొప్పి గురించి మరికొంత చెప్పక తప్పదు. గర్భిణికి ఆరవ నెల దాటాక కడుపు ముందుకు పెరిగి భారకేంద్రం మారుతుంది. హార్మోనుల ప్రభావంతో కటివలయ బంధనాలు సడలుతాయి. ఈ నొప్పి సహజమైనది, ప్రసవానంతరం చాలామందిలో తగ్గిపోతుంది. శోచనీయమైనది మరొకటి ఉంది. నడుము నొప్పి, తెల్లబట్ట అని ఆసుపత్రికి వెళ్ళిన ముప్పయి ఏళ్ళ స్త్రీలకు అవసరం లేకపోయినా గర్భసంచి తొలగించిన సంఘటనలు తెలుగు ప్రాంతాలలో తక్కువ కాదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తొలగింపు చేయించుకొన్నవారు దేశం మొత్తంమీద 3.2 శాతం కాగా, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం. ఇవి దేశంలోనే అత్యధికం. నాట్లు వేసీ, కలుపు తీసీ అలసిన కండరాల నొప్పికి గర్భసంచి ఏ విధంగానూ కారణం కాదు. దానితోపాటు అండాశయాలను కూడా తొలగిస్తే స్త్రీ హార్మోను ఉత్పత్తి ఒక్కసారిగా ఆగి ఎముకలు ముందుగానే గుల్లబారతాయి. నొప్పి పోవాలని వెళ్ళిన మనిషి పదేళ్ళ తరువాత అంతకంటె పెద్ద నొప్పితో తిరిగివస్తుంది. ఇటువంటి సలహా ఎదురైనప్పుడు మరొక వైద్యుని అభిప్రాయం తెలుసుకోవడం ఆమె హక్కు.

తెలుగు నేలకు ప్రత్యేకంగా సంబంధించిన కారణం ఫ్లోరైడు. 1937లో షార్ట్, పండిట్, రాఘవాచారి అనే శాస్త్రవేత్తలు నాటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లా పల్లెలలో ఒక వింత వ్యాధిని గుర్తించి ప్రకటించారు. నడివయసులోనే మనుషుల నడుములు, మెడలు కొయ్యబారిపోయి ఉన్నాయి. భారతదేశంలో ఫ్లోరోసిస్ గురించి వెలువడిన తొలి నివేదికలలో ఇది ముఖ్యమైనది. నల్లగొండ జిల్లాలో ఈ వ్యాధి తీవ్రత ఎంతటిదంటే, నీటినుంచి ఫ్లోరైడును తొలగించడానికి నాగపూరులోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ రూపొందించిన విధానానికి నల్లగొండ పద్ధతి అనే పేరే స్థిరపడింది. నీటిలో పటిక, సున్నం, బ్లీచింగు పొడి కలిపి, తేర్చి, వడగట్టడం ఈ పద్ధతి.

లీటరు తాగునీటిలో ఫ్లోరైడు 1.5 మిల్లీగ్రాములకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. గ్రానైటు రాళ్ళ పొరలలోని లోతైన బోర్ల నీటిలో ఇది అనేక రెట్లు ఉండవచ్చు. ఆ నీటికి రంగు, వాసన, రుచి ఏవీ వేరుగా ఉండవు. తాగేవారికి ఏళ్ళ తరబడి ఏ అనుమానమూ కలగదు. ముందు నడుములో సలుపు, ఉదయంవేళ బిగుసుకోవడం మొదలవుతాయి. ముసలితనపు వాతమని, పని అలసట అని సరిపెట్టుకొంటారు. క్రమంగా పూసలను కలిపే సంధిబంధనాలలో సున్నపు పదార్థం పేరుకొని వెన్ను ఒకే గడకర్రలా తయారవుతుంది. నేలమీద పడిన నాణాన్ని వంగి తీయలేని స్థితి వస్తుంది. ఎముకలు పెరిగి నరాలను నొక్కితే కాళ్ళు కూడా పోతాయి. ఒకసారి మారిన ఎముకను తిరిగి మామూలు స్థితికి తెచ్చే మందు లేదు. నీరు మార్చడమే చికిత్స, నివారణ కూడా. 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ పథకం ద్వారా శుద్ధిచేసిన నదీజలం నల్లగొండ గ్రామాలకు చేరింది. అంతకుముందు తరాలలో ఒంగిపోయిన నడుములు మాత్రం అలాగే మిగిలాయి.

నొప్పి విశ్రాంతితో తగ్గి, పనితో పెరగడం కండరాల బాధకు లక్షణం. దీనికి విరుద్ధంగా, విశ్రాంతితో పెరిగి కదలికతో తగ్గే నొప్పి ఒకటున్నది. ఇరవై, ముప్పయి ఏళ్ళ యువకుడు తెల్లవారుజామున నొప్పితో మేలుకొని, అరగంటకు పైగా నడుము కదల్చలేక, పనిలో పడ్డాక తేలికపడుతుంటే అది ఆంకిలోజింగ్ స్పాండిలైటిస్ అనే కీళ్ళవాపు వ్యాధి కావచ్చు. పూసల కీళ్ళు వాచి, చివరకు అతుక్కుపోతాయి. తొలిదశలో గుర్తిస్తే మందులతో, వ్యాయామంతో అదుపు చేయవచ్చు. చాలామంది దీనిని మామూలు నొప్పిగా భావించి ఏళ్ళు గడిపేస్తారు.

క్షయ ఊపిరితిత్తులకే వస్తుందని అనుకోవడం పొరపాటు. వెన్నుపూసకూ వస్తుంది. ప్రాచీన ఈజిప్టు మమ్మీలలో కూడా దీని జాడలు దొరికాయి. 1779లో ఆంగ్ల శస్త్రవైద్యుడు పెర్సివల్ పాట్ దీనిని వివరంగా వర్ణించడం వల్ల ఆయన పేరుతో పిలుస్తారు. సాయంకాలం జ్వరం, ఆకలి మందగించడం, బరువు తగ్గడం, రాత్రివేళ నొప్పి ఎక్కువకావడం దీని లక్షణాలు. పూర్తికాలం మందులు వాడితే నయమవుతుంది. ప్రభుత్వం ఈ మందులను ఉచితంగా ఇస్తుంది. ఆలస్యమైతే పూస కుంగి గూని ఏర్పడుతుంది, కాళ్ళు చచ్చుబడవచ్చు. ఇక మూత్రపిండంలో రాయి ఉన్నవారికి నొప్పి నడుము పక్కనుంచి గజ్జలోకి అలలు అలలుగా దిగుతుంది. ఎలా పడుకొన్నా ఊరట ఉండదు.

ఏ క్షణమూ జాగు చేయరాని స్థితి ఒకటి ఉంది. పెద్ద డిస్కు ముక్క గుర్రపు తోక వంటి నరాల సమూహాన్ని మొత్తంగా నొక్కినప్పుడు రెండు కాళ్ళూ బలహీనపడతాయి. మూత్రం ఆగిపోతుంది లేదా తెలియకుండా పోతుంది. మలంపై అదుపు తప్పుతుంది. సైకిలు సీటుకు ఆనే భాగమంతా మొద్దుబారుతుంది. ఈ లక్షణాలు అడగడానికి వైద్యులు మొహమాటపడరు, చెప్పడానికి రోగులే సిగ్గుపడతారు. ఆ సిగ్గులో ఒకటి రెండు రోజులు గడిచిపోతే తరువాత చేసే శస్త్రచికిత్స కాళ్ళను నిలబెట్టినా మూత్రంపై అదుపును తిరిగి తేలేకపోవచ్చు. కాన్సరు చికిత్స పొందినవారికి కొత్తగా నడుము నొప్పి వచ్చినా, ఎత్తునుంచి పడ్డాక నొప్పి వచ్చినా, జ్వరంతో కూడి వచ్చినా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

మూడు నెలలు దాటి నిలిచిపోయే నొప్పిలో శరీరంతోపాటు మనస్సుకు కూడా పాత్ర ఉంది. కంటినిండా నిద్ర లేకపోవడం, దిగులు, అప్పుల బాధ, పనిచేసే చోట అవమానం మొదలైనవి నొప్పిని నిలిపి ఉంచుతాయని పరిశోధనలు తెలిపాయి. అన్నిటికంటె భయం చేటు చేస్తుంది. వంగితే నడుము విరిగిపోతుందేమోనన్న భయంతో కదలడం మానేసినవాడి కండరాలు క్షీణిస్తాయి. క్షీణించిన కండరాలు చిన్న పనికే నొప్పి పెడతాయి. ఆ నొప్పి భయాన్ని మరింత పెంచుతుంది. ధూమపానం, స్థూలకాయం కూడా ఈ నొప్పిని పెంచేవే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో దీర్ఘకాలిక నడుము నొప్పికి మార్గదర్శకాలు వెలువరించింది. వ్యాయామం, నొప్పి గురించిన అవగాహన, మానసిక చికిత్స, అవసరమైతే వాపు తగ్గించే మాత్రలు వాటిలో చోటుచేసుకొన్నాయి. నడుము బెల్టులు, బరువులు కట్టి లాగే చికిత్స, నల్లమందు జాతికి చెందిన నొప్పిమాత్రలు వాడవద్దని ఆ సంస్థ పేర్కొన్నది. మందుల దుకాణాలలో నడుము బెల్టు కొనుక్కొని ఏళ్ళ తరబడి ధరించేవారు ఈ మాటను గమనించవలసి ఉంది. ఆస్ట్రేలియాలో నడుము నొప్పి నుంచి కోలుకొన్న 701 మందిపై జరిపిన ఒక అధ్యయనం 2024లో వెలువడింది. వారిలో ఒక వర్గానికి క్రమంగా నడక పెంచుతూ, వారానికి అయిదు రోజులు, రోజుకు అరగంట నడవడాన్ని లక్ష్యంగా పెట్టారు. నడక లేని వర్గంలో సగంమందికి 112 రోజుల లోపు నొప్పి తిరగబెట్టగా, నడిచినవారిలో ఆ గడువు 208 రోజులకు పెరిగింది.